టెక్నికల్ ట్రైనర్‌గా మాట్లాడటం, నేర్పడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో ఉంటూ కర్నూలు, కడప కాలేజీలకు తిరుగుతూ పన్నెండేళ్లుగా పైథాన్, డేటాబేస్, నెట్‌వర్కింగ్ చెబుతున్నాను. కొత్తగా ట్రైనింగ్‌లోకి వచ్చేవాళ్లు ఫోన్ చేసి అడిగే డౌట్లు తిప్పి తిప్పి ఇవే. బస్సులో కూర్చుని ఒక్కొక్కరికీ అదే జవాబు చెప్పే బదులు ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. ఒక్క మాట ముందే చెప్తాను, నా జవాబులన్నీ ఒకవైపే మొగ్గుతాయి. ట్రైనర్ ఎంత బాగా మాట్లాడాడన్నది నేను పెద్దగా లెక్కపెట్టను. క్లాసు అయ్యాక పిల్లలు కీబోర్డు మీద ఏం చేయగలిగారో అదే చూస్తాను.

## అడుగు పెట్టే ముందు

సబ్జెక్టు బాగానే వచ్చు, నలుగురి ముందు నిలబడితే నోరు పెగలదు. నేను ట్రైనర్‌గా పనికొస్తానా?

పనికొస్తారు. గుండె దడ, చేతులు చల్లబడటం, నోరెండటం ఇవన్నీ అడ్రినలిన్ చేసే పని. పన్నెండేళ్ల తర్వాత కూడా కొత్త కాలేజీ గేటు దాటితే నాకు అవి వస్తాయి. తేడా ఏమిటంటే, అవి మొదటి రెండు మూడు నిమిషాల్లో ఎక్కువగా ఉండి తర్వాత వాటంతట అవే తగ్గుతాయని ఇప్పుడు తెలుసు. కాబట్టి ఆ మూడు నిమిషాలు గట్టెక్కే ఏర్పాటు చేసుకోండి. మొదటి నాలుగు వాక్యాలు మాత్రం నోటికి వచ్చేలా పైకి చదివి నేర్చుకోండి. క్లాసు మొత్తం బట్టీ పడితే మధ్యలో ఒక మాట జారినప్పుడు అంతా జారిపోతుంది.

ఇంకొకటి, పావుగంట ముందే గదిలోకి వెళ్లండి. ముందు బెంచీలో కూర్చున్నవాళ్లను "ఏ ఊరప్పా మీది?" అని అడగండి. ఒకరు గుత్తి అంటారు, ఒకరు ఉరవకొండ అంటారు. క్లాసు మొదలయ్యేసరికి ఆ అరవై మందిలో మీకు తెలిసిన ముఖాలు రెండు ఉంటాయి, మొదట వాళ్ల వైపు చూసి మాట్లాడొచ్చు. పది నిమిషాల్లోపే పిల్లలకు ఏదో ఒక చిన్న పని ఇచ్చేయండి. అందరి కళ్లూ మీ మీద నుంచి స్క్రీన్ మీదకి పోగానే మీ భుజాలు దిగుతాయి.

నాది పక్కా సీమ యాస. బయట ఊళ్లలో నవ్వుతారేమో?

ఒకటి రెండు రోజులు నవ్వొచ్చు. హైదరాబాద్‌లో ఒక బ్యాచ్‌కి "ఇంకోతూరి రన్ చేయండి" అంటే కిసుక్కున నవ్వారు. మూడో రోజుకి వాళ్లే "ఇంకోతూరి చెప్పండి సార్" అనడం మొదలుపెట్టారు. యాస వల్ల క్లాసు పాడైంది నేనెప్పుడూ చూడలేదు. వేగం వల్ల, వాక్యం చివర మాట మింగేయడం వల్ల పాడైనవి చాలా చూశాను. మనవాళ్లలో చాలామందికి వాక్యం మొదట్లో గట్టిగా ఎత్తుకుని చివరికి లోపలికి లాగేసే అలవాటు ఉంది. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది. అది మింగితే "చేయాలి" అన్నారో "చేయకూడదు" అన్నారో వెనక బెంచీకి తెలియదు. దిద్దుకోవలసింది అక్కడ.

మోటివేషనల్ స్పీకర్లలా ఊపుతో, పంచ్ డైలాగులతో మాట్లాడాలా?

రోజుకు ఆరు గంటల చొప్పున ఐదు రోజులు ఆ ఊపు నిలబెట్టడం ఎవరి వల్లా కాదు. వినేవాళ్లకూ మోత ఎక్కువవుతుంది. మన తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్లారి రాఘవ వృత్తికి వకీలు, పేరు తెచ్చింది నాటకం. ఆయన్ను ఇప్పటికీ తలచుకునేది సహజ నటన కోసమే. రంగస్థలం మీదే సహజంగా ఉండటం గొప్ప అనిపించుకున్నప్పుడు, డేటాబేస్‌ను సమాచారం అడిగే ఎస్‌క్యూఎల్ క్వెరీ చెప్పడానికి మనకు ఆవేశం ఎందుకు? పక్కన కూర్చున్న తమ్ముడికి చెప్పే గొంతునే వెనక గోడకి వినపడేలా కాస్త పెంచితే సరిపోతుంది.

ఇంగ్లిష్‌లో చెప్పాలా, తెలుగులో చెప్పాలా? మేనేజ్‌మెంట్ ఒకటి అంటుంది, పిల్లలు ఇంకొకటి అంటారు.

ఎక్కువమంది అడిగేది ఇదే. నా పద్ధతి చెప్తాను. విషయం తెలుగులో విడమరుస్తాను. టెక్నికల్ పేర్లు ఉన్నవి ఉన్నట్టే ఇంగ్లిష్‌లో వాడతాను. లూప్‌ని లూప్ అనే అంటాను, దానికి సంస్కృతం వెతకను. వేరియబుల్ దగ్గర మాత్రం ఒక్కసారి "పదో తరగతి లెక్కల్లో చరరాశి అన్నారు కదా, దాని చుట్టమే" అంటాను. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్ల ముఖం అక్కడ తేటపడుతుంది. ఆ మాట మళ్లీ వాడను.

ఎర్రర్ మెసేజ్‌లు మాత్రం ఇంగ్లిష్‌లోనే పైకి చదివిస్తాను. కంప్యూటర్ తెలుగులో తిట్టదు కదా. ఎర్ర అక్షరాలు కనిపించగానే స్క్రీన్ మూసేసేవాళ్లు నేమ్ ఎర్రర్, కీ ఎర్రర్, ఇండెంటేషన్ ఎర్రర్ ఈ మూడింటినీ చదివి అర్థం చేసుకోగలిగితే సగం భయం పోతుంది. రోజూ చివరి పది నిమిషాలు ఇద్దరు పిల్లలు ఆ రోజు చేసిన ప్రోగ్రామ్‌ను ఇంగ్లిష్‌లో చెప్పాలి. వ్యాకరణం దిద్దను. ఇంటర్వ్యూలో అడిగేది అలాగే కాబట్టి నోరు తిరగడం ముఖ్యం.

ఇంకో సంగతి మరిచిపోవద్దు. మన జిల్లాల్లో తెలుగు అందరి ఇంటి భాషా కాదు. మడకశిర, హిందూపురం వైపు నుంచి వచ్చినవాళ్లలో ఇంట్లో కన్నడ మాట్లాడేవాళ్లుంటారు. కర్నూలు, కడప బ్యాచుల్లో ఉర్దూ ఇళ్ల పిల్లలు ఎప్పుడూ ఉంటారు. సామెత మీద సామెత వేస్తూ పోతే వాళ్లు బయటే ఉండిపోతారు. సామెత వేస్తే వెంటనే మామూలు మాటల్లో ఒకసారి చెప్పేయండి.

సబ్జెక్టు ఎంత తెలిస్తే చెప్పడం మొదలుపెట్టొచ్చు?

చెప్పబోయే పాఠంలో వచ్చే ఎర్రర్లన్నీ మీకు ఒకసారైనా వచ్చి ఉండాలి, వాటిని మీ చేతులతో సరిచేసి ఉండాలి. దీన్ని మించిన కొలత నా దగ్గర లేదు. పెద్ద నిపుణులకు వేరే చిక్కు ఉంటుంది. తమకు ఎప్పుడో అలవాటైపోయిన మెట్లు వాళ్లకు కనపడవు, నాలుగు మెట్లు ఒకేసారి ఎక్కేస్తారు. ఆరు నెలల కిందట నేర్చుకున్నవాళ్లకు తాము ఎక్కడ తట్టుకున్నారో ఇంకా గుర్తుంటుంది. ఆ గుర్తు పోకముందే ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి.

మాట్లాడటం మెరుగుపడటానికి కోర్సు, సర్టిఫికెట్ అవసరమా?

సర్టిఫికెట్ అక్కర్లేదు. సాధన చేసే చోటు కావాలి. 1924లో మొదలైన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల పద్ధతి మంచిది. 5 నుంచి 7 నిమిషాల ప్రసంగం, టైమ్ చూసేవాళ్లు ఒకరు, "అ... ఆ..." లు లెక్కపెట్టేవాళ్లు ఒకరు, విని తప్పొప్పులు చెప్పేవాళ్లు ఒకరు. మీ ఊళ్లో క్లబ్బు లేకపోతే నలుగురు స్నేహితులు ఆదివారం ఒక గదిలో కూర్చుని ఇదే చేయొచ్చు. మేము రెండేళ్లు మిద్దె మీద చేశాం. ఖర్చల్లా టీ, బొరుగులు.

## క్లాసుకు తయారయ్యేటప్పుడు

ఒక గంట క్లాసుకి ఎంతసేపు ప్రిపేర్ అవ్వాలి?

కొత్త పాఠం అయితే నాకు ఐదారు గంటలు పడుతుంది. అదే పాఠం రెండోసారికి గంట. అయితే ఆ ఐదారు గంటలూ స్లైడ్ల రంగులకు పోతే దండగే. నేను వెనక నుంచి మొదలుపెడతాను. గంట అయ్యాక పిల్లలు ఏం చేయగలగాలి అన్నది ఒక్క వాక్యంలో రాస్తాను. "డిక్షనరీ గురించి తెలుసుకుంటారు" అని రాస్తే ఏమీ రాయనట్టే (పైథాన్‌లో డిక్షనరీ అంటే ఒక్కో పేరుకు ఒక్కో విలువ జతచేసి దాచేది). "ఒక పేరాలో ఏ పదం ఎన్నిసార్లు వచ్చిందో డిక్షనరీతో లెక్కపెడతారు" అని రాస్తే ఆ పనికి ఏం కావాలో, ఏం అక్కర్లేదో వెంటనే తెలుస్తుంది. ముందు ఆ పని నేనే చేసి చూసి, దానికి అవసరం లేనిదంతా తీసేస్తాను.

తర్వాత ఫోన్‌లో టైమర్ పెట్టుకుని ఖాళీ గదిలో పైకి చెప్పి చూసుకుంటాను. మనసులో అనుకుంటే ఇరవై నిమిషాలే అనిపించేది పైకి చెప్తే ముప్పై ఐదవుతుంది. 60 నిమిషాలకు 40 నిమిషాల సరుకు చాలు. టైమ్ చాలకపోతే ఏ భాగం వదిలేయాలో ముందే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. లేకపోతే చివర్లో హడావుడిపడి అసలైన అభ్యాసాన్నే వదిలేస్తారు.

స్లైడ్లు ఎన్ని ఉండాలి?

తక్కువ. కోడ్‌ని స్లైడ్‌లో అతికించకండి, ఎడిటర్‌లోనే చూపించండి. వేరియబుల్స్ విలువలు మారుతూ ఉండే పట్టిక, నెట్‌వర్క్ బొమ్మ లాంటివి బోర్డు మీద చేత్తో గీయండి. మీరు గీసే వేగానికి పిల్లలు రాసుకోగలుగుతారు, మీ నోటి వేగం కూడా దానంతట అదే తగ్గుతుంది.

ఉదాహరణలు ఎక్కడి నుంచి తేవాలి? పుస్తకంలోవి ఎవరికీ ఎక్కడం లేదు.

వాళ్లు రోజూ చూసేవాటి నుంచి. ఫంక్షన్ అంటే పిండి మర. జొన్నలు పోస్తే జొన్నపిండి, రాగులు పోస్తే రాగిపిండి వస్తుంది. మర లోపల రాయి ఎలా తిరుగుతుందో మనకు అక్కర్లేదు. స్టాక్ అంటే హోటల్లో ఇడ్లీ ప్లేట్ల దొంతర, చివర పెట్టిందే ముందు తీస్తారు. క్యూ అంటే ఆర్టీసీ బస్టాండులో రిజర్వేషన్ కౌంటర్. వెబ్‌సైట్ పేరుకి దాని నంబర్ వెతికిచ్చే డీఎన్ఎస్ అంటే ఫోన్‌లో కాంటాక్ట్స్. మనకు పేరు గుర్తుంటుంది, నంబర్ వెతికిపెట్టే పని దానిది.

అయితే ప్రతి ఉదాహరణా ఎక్కడో ఒకచోట తెగుతుంది. తెగే చోటు మీకు తెలిసి ఉండాలి. పైథాన్‌లో వేరియబుల్ అంటే పెట్టె, అందులో విలువ పెడతాం అని చాలామంది చెబుతారు, నేనూ చాలాకాలం చెప్పాను. అంకెలతో ఉన్నంతసేపు బాగానే నడుస్తుంది. లిస్టు వచ్చేసరికి బోర్లా పడుతుంది. ఏ అనే పేరుతో ఒక లిస్టు ఉంది, బీ ఈక్వల్స్ ఏ అన్నాం, బీకి ఒక అంకె కలిపాం. ఏలో కూడా ఆ అంకె కనపడుతుంది. రెండు పెట్టెలైతే అలా ఎందుకవుతుంది?

ఇప్పుడు వేరే ఉదాహరణ చెబుతున్నాను. పిల్లవాడికి బడి రిజిస్టర్‌లో ఒక పేరు, ఇంట్లో చిన్నోడు అని ఇంకో పేరు. చిన్నోడికి గుండు కొట్టిస్తే రిజిస్టర్‌లో ఉన్నవాడి తలమీద జుట్టు ఉంటుందా? పేర్లు రెండు, మనిషి ఒక్కడే. వేరే లిస్టు కావాలంటే కాపీ చేయాలి. నవ్వుతారు, మరిచిపోరు. దీనికి కూడా తెగే చోటు ఉంది. లిస్టులో మళ్లీ లిస్టు ఉన్నప్పుడు మామూలు కాపీ చాలదు, లోపలి లిస్టులను కూడా కాపీ చేసే డీప్ కాపీ కావాలి. అక్కడికి వచ్చినప్పుడు "గుండు కథ ఇక్కడితో ఆగిపోతుంది" అని నేనే చెప్పేస్తాను.

లైవ్ డెమో చేస్తుంటే ప్రతిసారీ ఏదో ఒకటి ఆగిపోతుంది. ఏం చేయాలి?

ఒక కాలేజీ సెమినార్ హాల్లో నూట ఇరవై మంది ముందు లైబ్రరీ ఇన్‌స్టాల్ చేయబోయాను. కాలేజీ నెట్‌వర్క్ ఆ డౌన్‌లోడ్‌ను అడ్డుకుంది. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టాను, హాల్లో సిగ్నల్ లేదు. ప్రొఫెసర్లు వాచీలు చూసుకుంటుండగా ఇరవై ఐదు నిమిషాలు చెమటలు కక్కాను. తప్పు వాళ్ల నెట్‌వర్క్‌ది కాదు, నాది. అది పని చేస్తుందని నేనెందుకు నమ్మాలి?

అప్పటి నుంచి నెట్ లేకుండానే డెమో నడిచేలా అన్నీ ముందు రోజే దించుకుంటాను. కోడ్‌ను ఒకటి, రెండు, మూడు అని దశలవారీగా వేరే ఫైళ్లలో పెట్టుకుంటాను. రెండో దశలో టైపింగ్ తడబడితే మూడో ఫైల్ తెరిచి ముందుకు పోతాను. డెమో మొత్తం ఒకసారి స్క్రీన్ రికార్డ్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఉంచుతాను. బ్యాగులో హెచ్‌డీఎంఐ కేబుల్, వీజీఏ కన్వర్టర్ ఎప్పుడూ ఉంటాయి, ఎందుకంటే పాత ప్రొజెక్టర్లు ఇంకా చాలా చోట్ల ఉన్నాయి. ల్యాప్‌టాప్ ఛార్జింగ్ నిండుగా, అప్‌డేట్లు ఆపేసి, వాట్సాప్ మూసేసి ఉండాలి. అక్షరాల సైజు కనీసం 20 పెట్టి, వెనక బెంచీ దాకా నడిచి వెళ్లి మీరే చదివి చూడండి. కిటికీల్లోంచి ఎండ పడే హాల్లో నల్ల బ్యాక్‌గ్రౌండ్ కనపడదు, తెల్లది పెట్టండి.

ఇవన్నీ చేసినా ఎర్రర్ వస్తుంది. కోడ్‌లో వచ్చిన ఎర్రర్ అయితే కంగారుపడి చెరిపేయకండి. "ముందు చివరి లైన్ చదువుదాం, అక్కడ ఎర్రర్ పేరుంటుంది. ఇప్పుడు లైన్ నంబర్ చూద్దాం" అని పైకి ఆలోచిస్తూ సరిచేయండి. పిల్లలకు తప్పులేని కోడ్ పుస్తకాల్లో దొరుకుతుంది. తప్పు వెతికే మనిషి బుర్ర ఎలా పనిచేస్తుందో చూసే అవకాశం మాత్రం మీ దగ్గరే. రెండు నిమిషాల్లో దొరకకపోతే సిద్ధంగా ఉన్న ఫైల్ తెరిచేయండి.

## క్లాసు నడిచేటప్పుడు

మొదటి ఐదు నిమిషాల్లో ఏం చెప్పాలి?

మీ బయోడేటా మాత్రం వద్దు. రెండు వాక్యాల్లో పేరు, పని చెప్పి నేరుగా ఒక చిక్కు చూపించండి. "రెండు వేల మంది హాజరు ఈ ఎక్సెల్ షీటులో ఉంది. 75 శాతం కంటే తక్కువున్నవాళ్లను వెతకాలి. చేత్తో ఎంతసేపు?" తర్వాత పది లైన్ల ప్రోగ్రామ్ రన్ చేసి చూపించండి. 75 శాతం అనగానే ఇంజినీరింగ్ పిల్లలు నిటారుగా కూర్చుంటారు.

"సో", "ఓకేనా", "యాక్చువల్‌గా" అని మాటమాటకీ వస్తోంది. ఎలా మానాలి?

అన్నీ ఒకేసారి మానలేరు. ఒక క్లాసు ఆడియో రికార్డ్ చేసి పది నిమిషాలు వినండి, ఎక్కువసార్లు వచ్చిన ఒక్క మాటను ఎంచుకోండి. ఆ మాట రాబోయే చోట నోరు మూసి ఊపిరి తీసుకోండి. మీకు యుగంలా అనిపించే ఆ ఖాళీ వినేవాళ్లకు ఒక సెకనే, వాళ్లకు రాసుకోవడానికి పనికొస్తుంది. ఎప్పుడో ఒక "సో" వస్తే రానీయండి.

మూడో రోజుకి గొంతు పోతోంది.

నలభై మంది ఉన్న గదిలో కూడా మైక్ అడగండి, ఇందులో మొహమాటం వద్దు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 40 డిగ్రీలు దాటే ఎండ, పైన ఫ్యాన్లు, పక్కన కూలర్. ఆ మోత మీద అరిస్తే స్వరతంత్రులు వాస్తాయి. పాఠం చెప్పేటప్పుడు కూలర్ ఆపించి, ల్యాబ్ చేసేటప్పుడు వేయించండి. నీళ్లు గుక్కెడు గుక్కెడుగా రోజంతా తాగండి. పొద్దున్నే ఐదు నిమిషాలు నోరు మూసుకుని హమ్ చేస్తే గొంతు వేడెక్కుతుంది. మాటిమాటికీ గొంతు సవరించుకోవడం హాని, దాని బదులు ఒక గుక్క నీళ్లు మింగండి. గొంతు పోయినప్పుడు గుసగుసగా చెబితే మంచిదనుకుంటారు గానీ దానివల్లా గొంతు మీద భారం పడుతుంది. బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోండి.

"అర్థమైందా?" అంటే అందరూ "అయ్యింది సార్" అంటారు. ల్యాబ్‌లో ఒక్కరికీ రాదు. ఎందుకు?

నా మొదటి ఏడాది అంతా ఇదే. ఒకరోజు ఫర్ లూప్ చెప్పాను, అరవై గొంతులు "అయ్యింది సార్" అన్నాయి. నేను గాల్లో తేలుతూ బయటికొచ్చాను. మధ్యాహ్నం ల్యాబ్‌లో 1 నుంచి 10 వరకు ప్రింట్ చేయమంటే ఆరుగురికి వచ్చింది.

వాళ్లు అబద్ధం ఆడలేదు. మన దగ్గర "అర్థం కాలేదు" అంటే సార్ సరిగా చెప్పలేదు అన్నట్టో, నేను మొద్దు అని ఒప్పుకున్నట్టో ఉంటుంది. రెండూ ఎవరూ అనరు. ఇంకో కారణం, మీరు చెబుతుంటే నిజంగానే అర్థమైనట్టే ఉంటుంది. ఈత కొట్టేవాణ్ని గట్టు మీద నుంచి చూస్తే ఈత తేలికే కదా. అందుకే ఆ ప్రశ్న అడగడమే మానేశాను.

దాని బదులు బోర్డు మీద ఒక చిన్న కోడ్ రాస్తాను. "రేంజ్ 5 అని ఇచ్చాను, చివర ప్రింటయ్యే అంకె ఏది? 5 అనేవాళ్లు ఒక వేలు, 4 అనేవాళ్లు రెండు వేళ్లు, ఎర్రర్ వస్తుందనేవాళ్లు మూడు వేళ్లు. గుండెకు ఆనించి చూపించండి." గుండెకు ఆనిస్తే పక్కవాళ్లకు కనపడదు, నాకు మాత్రం గది మొత్తం ఒక్క చూపులో తెలుస్తుంది. సగం సగంగా చీలితే జవాబు చెప్పను. "పక్కవాళ్లను ఒప్పించండి, రెండు నిమిషాలు" అంటాను. గది సంతలా మారుతుంది. తర్వాత మళ్లీ వేళ్లు చూపించమంటే చాలామంది సరైన దానికి మారతారు. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 1990లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఇప్పుడే అర్థం చేసుకున్న పిల్లలు, ఇంకా అర్థంకాని పిల్లలకు మనకంటే బాగా చెబుతారు. తప్పు జవాబులు ఊరికే అంకెలు కాకూడదు, పిల్లలు నిజంగా పొరపడేవి అయ్యుండాలి. సున్నా నుంచి మొదలై 4 దగ్గర ఆగుతుందన్నది తెలియనివాళ్లు 5 అనే అంటారు, అందుకే అది అక్కడ ఉంది.

ఇంకొకటి, ప్రశ్న అడిగాక ఆగండి. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో తరగతి గదుల్లో కొలిచి చూస్తే టీచర్లు సగటున ఒక సెకను కూడా ఆగడం లేదని తేలింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవయ్యాయి, జవాబిచ్చే పిల్లలూ పెరిగారు. నేను మనసులో ఒకటి, రెండు, మూడు, నాలుగు అనుకుంటాను. మొదట్లో నాలుక కొరుక్కోవలసి వచ్చేది.

ల్యాబ్‌లో ముఖాలు చూడకండి, చేతులు చూడండి. ఒడిలో చేతులుంటే ఎక్కడో ఇరుక్కున్నారు. పక్క స్క్రీన్ చూస్తూ వేళ్లు ఆడుతుంటే కాపీ. డౌట్ తీర్చేటప్పుడు వాళ్ల మౌస్ మాత్రం మీ చేతిలోకి తీసుకోకండి. టైప్ చేసినవాళ్లకే వస్తుంది.

నాకు తెలియని ప్రశ్న అడిగితే పరువు పోదా?

"నాకు తెలియదు, రేపు చెప్తాను" అని బోర్డు మూలలో ఆ ప్రశ్న రాయండి. రేపు తప్పకుండా చెప్పండి. కోడ్‌తో తేలే ప్రశ్న అయితే అక్కడే రన్ చేసి చూడండి, "ఏమవుతుందో చూద్దాం పదండి" అని. పరువు పోయేది అడ్డదిడ్డంగా ఏదో చెప్పి, సాయంత్రానికి పిల్లలు ఫోన్‌లో చూసుకుని నవ్వుకున్నప్పుడు.

మధ్యాహ్నం భోజనం తర్వాత సగం మంది నిద్రపోతున్నారు.

హాస్టల్ మెస్‌లో సంగటి తిని వచ్చినవాళ్లను నిందించి లాభం లేదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. రాత్రి తెల్లవార్లూ రామాయణం ఆడేవాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. యుద్ధం, శోకం సాగి సాగి జనం కునికే వేళకి నవ్వించే బొమ్మలు బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి తిట్టుకుని, కొట్టుకుని, ఊళ్లో సంగతులు మాట్లాడి పోతారు. జనం లేచి కూర్చున్నాక కథ మళ్లీ నడుస్తుంది. మనం జోకులే వేయాలని లేదు, తీరు మారితే చాలు. పన్నెండు, పదిహేను నిమిషాలకోసారి పని మార్చండి. వినడం నుంచి రాయడానికి, రాయడం నుంచి పక్కవాళ్లతో వాదించడానికి. మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యే క్లాసుకు థియరీ పెట్టమంటే నేను టైమ్‌టేబుల్ ఇంచార్జిని బతిమాలి ల్యాబ్ వేయించుకుంటాను.

ఒకే బ్యాచ్‌లో బాగా వచ్చినవాళ్లు, అసలు రానివాళ్లు కలిసి ఉన్నారు. ఎవరి కోసం చెప్పాలి?

మధ్యలో ఉన్నవాళ్ల వేగంతో నడవండి. ప్రతి అభ్యాసాన్నీ మూడు మెట్లుగా ఇవ్వండి. మొదటి మెట్టు అందరూ చేయాలి, మూడోది చేయి తిరిగినవాళ్లకి. త్వరగా అయిపోయినవాళ్లను సహాయకులుగా తిప్పొచ్చు గానీ రోజంతా అదే పని చేయించకండి, వాళ్లూ నేర్చుకోవడానికే ఫీజు కట్టారు.

నాకంటే పెద్ద వయసు లెక్చరర్లకు ట్రైనింగ్ ఇవ్వాలి. ఎలా మాట్లాడాలి?

అందరినీ సార్, మేడమ్ అనే పిలవండి. పేరు పెట్టి నిలబెట్టి ప్రశ్న అడగకండి. ఇరవై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి తన డిపార్ట్‌మెంట్ జూనియర్ల ముందు తప్పు చెప్పాల్సి వస్తే ఆ రోజు నుంచి మీ క్లాసుకు రారు. ఇద్దరిద్దరిని ఒక కంప్యూటర్ దగ్గర కూర్చోబెట్టండి, తప్పయితే ఇద్దరిదీ అవుతుంది. "ఇది చాలా సింపుల్ సార్" అనే మాట పొరపాటున కూడా రానీయకండి. రాకపోతే ఆ సింపుల్ కూడా రాలేదన్నట్టు గుచ్చుకుంటుంది. మార్కుల లెక్క, హాజరు, ఇన్విజిలేషన్ పట్టిక లాంటి వాళ్ల సొంత తలనొప్పిని ప్రాజెక్టుగా ఇస్తే సాయంత్రం ఆరైనా లేవరు.

ఆన్‌లైన్ క్లాసులో గోడకి చెప్తున్నట్టుంది.

చాలామంది ఫోన్‌లోనే చూస్తున్నారని అనుకుని అక్షరాలు ఇంకా పెద్దవి చేయండి. ఐదు నిమిషాలకోసారి ఒక ప్రశ్న వేసి, "జవాబు చాట్‌లో టైప్ చేయండి, నేను చెప్పాకే పంపండి" అని లెక్కపెట్టి అందరితో ఒకేసారి పంపించండి. ఒకరిది చూసి ఒకరు వేయడం తగ్గుతుంది.

## క్లాసు అయ్యాక

ఫీడ్‌బ్యాక్ ఫారంలో అందరూ "గుడ్", "ఎక్సలెంట్" అనే రాస్తారు. నేను బాగా చెప్తున్నానని ఎలా తెలుస్తుంది?

ఆ ఫారం కాలేజీ ఫైలు కోసం. మీ కోసం క్లాసు చివర రెండు నిమిషాలు ఒక చిన్న కాగితం ముక్క ఇవ్వండి, పేరు రాయొద్దనండి. ఒకవైపు ఆ రోజు పాఠం మీద ఒక చిన్న ప్రశ్నకు జవాబు, రెండో వైపు ఇంకా అయోమయంగా ఉన్నది ఒకటి. అరవై కాగితాలు చూడటానికి పావుగంట చాలు. మర్నాడు "నిన్న పద్దెనిమిది మంది రిటర్న్‌కీ ప్రింట్‌కీ తేడా తెలియదని రాశారు" అంటూ మొదలుపెడితే, ఈయన నిజంగానే చదువుతాడని వాళ్లకు తెలుస్తుంది. మర్నాటి నుంచి నిజాలు రాస్తారు.

వారం తర్వాత అడిగితే ఏమీ గుర్తులేదంటారు.

మరిచిపోవడం మామూలే. హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లో ఇదే రాశాడు. నేర్చుకున్న మొదటి గంటల్లో మరుపు వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. మనం చేసే పొరపాటు, మళ్లీ మనమే చెప్పడం. 2006లో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు చేసిన ప్రయోగంలో, మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కంటే పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్నవాళ్లకే వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. అందుకని నా క్లాసు మొదటి ఏడు నిమిషాలు నిన్నటివి రెండు, పోయిన వారానివి ఒకటి, మొత్తం మూడు ప్రశ్నలు. కాగితం మీద, మార్కులు లేకుండా. "మళ్లీ టెస్టా సార్" అని మూలుగుతారు, మూలగనీయండి.

నా వీడియో నేనే చూసుకోలేకపోతున్నా. సిగ్గుగా ఉంది.

మొదటిసారి శబ్దం తీసేసి చూడండి. చేతులు, నడక, బోర్డుకి తిరిగి మాట్లాడటం కనపడతాయి. రెండోసారి బొమ్మ చూడకుండా వినండి. మూడోసారి కెమెరాను పిల్లల వైపు తిప్పి తీయించుకోండి. ఎక్కడ తలలు దించారో, ఎక్కడ పెన్నులు ఆగాయో అందులోనే ఉంటుంది. నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఆ మూడోదే.

ఏఐ చాట్‌బాట్లు అన్నీ చెప్పేస్తున్నాయి. ఇక ట్రైనర్ ఎందుకు?

కోడ్ రాసిచ్చే పని అవి చేస్తున్నాయి. తప్పు కూడా అంతే ధీమాగా చెబుతున్నాయి. పిల్లలను వాడొద్దంటే దాక్కుని వాడతారు. నేను వాడమనే చెప్పి, వచ్చిన కోడ్‌లో ప్రతి లైన్ ఏం చేస్తుందో నోటితో చెప్పమంటాను, రన్ చేసే ముందు అవుట్‌పుట్ రాయమంటాను, ఏ ఇన్‌పుట్ ఇస్తే అది కూలుతుందో వెతకమంటాను. ఖాళీ లిస్టు ఇచ్చి కూల్చినవాళ్ల ముఖంలో సంతోషం చూడాలి. ఇక మూడో వరసలో ఒడిలో చేతులు పెట్టుకుని మౌనంగా కూర్చున్న అమ్మాయిని చాట్‌బాట్ తనంతట తాను గమనించదు. ఆ అమ్మాయి అడగదు కాబట్టి.

అదే పాఠం ఇరవయ్యోసారి చెబుతున్నా. విసుగొస్తోంది.

పాఠం పాతదే, తప్పులు మాత్రం ప్రతి బ్యాచ్‌లో కొత్తవి వస్తాయి. నేను ఒక నోట్‌బుక్‌లో అవే రాసుకుంటాను. ఈమధ్య కడపలో ఒక అమ్మాయి పైథాన్‌తో పాటే వచ్చే, ఏదో ఒక అంకెను ఎంచి ఇచ్చే రాండమ్ మాడ్యూల్ వాడి లాటరీ ప్రోగ్రామ్ రాసింది. కోడ్‌లో ఒక్క తప్పూ లేదు, ఎర్రర్ మాత్రం పోదు. పక్క కంప్యూటర్‌లో అదే కోడ్ నడుస్తోంది. ఇరవై నిమిషాలు తల గోక్కున్నాక కనపడింది. ఫైల్ పేరు కూడా రాండమ్ అనే పెట్టింది. పైథాన్ అసలు మాడ్యూల్‌ను వదిలేసి, అదే ఫోల్డర్‌లో ఉన్న ఆ అమ్మాయి ఫైల్‌నే తెచ్చుకుంటోంది. ఇప్పుడు ఇంపోర్ట్ పాఠం రోజు నేనే కావాలని ఆ పేరుతో ఫైల్ సేవ్ చేసి, ఎందుకు ఆగిందో వాళ్లనే కనుక్కోమని వెనక్కి వెళ్లి కూర్చుంటున్నాను.